ఎల్5-ఎస్1 డిస్క్ జారింది, ట్రాక్షన్‌తో ఫలితం లేదు. ఆపరేషన్ లేకుండా ఏం చెయ్యొచ్చు?

కుర్చీవిరోధి (ప్రశ్న):
ఎంఆర్ఐ రిపోర్టులో "ఎల్5-ఎస్1 దగ్గర ఎడమవైపు డిస్క్ ఎక్స్‌ట్రూజన్, ఎస్1 నరం మీద ఒత్తిడి" అని రాశారు (ఎల్5-ఎస్1 అంటే నడుము చివరి పూసకీ దాని కింది త్రికాస్థికీ మధ్య చోటు). వయసు 38. నడుము కంటే పిర్ర నుంచి పిక్క దాకా లాగడమే ఎక్కువ. మూడు నెలలు దాటింది. పావుగంట కూర్చుంటే మొదలవుతుంది, నడిస్తే కాస్త నయం. కాలిలో బలం తగ్గలేదు, ఆపరేషన్‌కి తొందరేం లేదు అన్నారు డాక్టరు. ఫిజియోథెరపీలో ట్రాక్షన్ (నడుమును లాగిపట్టే చికిత్స), ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గడానికి పెట్టే కరెంటు) ఇచ్చి పంపుతున్నారు. అక్కడ ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది, లేచి వంగి బూట్లు తొడుక్కోగానే మళ్ళీ మొదటికే. ఇంట్లో ఏం చెయ్యాలి, ఏం మానాలి, ఎప్పటిదాకా ఆగొచ్చు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

వెన్నుదన్ను:
ముందు రిపోర్టు సంగతి. ఎక్స్‌ట్రూజన్ అంటే డిస్క్ లోపలి జెల్ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికి వచ్చిందని. వినడానికి భయంగా ఉన్నా, మామూలు ఉబ్బు కంటే ఇలా బయటికి వచ్చిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది. రక్తప్రసరణ అందే చోటికి వచ్చిన జెల్‌ను శరీరం పరాయి పదార్థంగా చూసి, రోగనిరోధక కణాలతో తినేయిస్తుంది. నెలలు పడుతుంది. పొర లోపలే ఉండిపోయిన ఉబ్బుకు ఆ సౌలభ్యం తక్కువ. ఇంకొకటి, ఏ నొప్పీ లేనివాళ్ళకి ఎంఆర్ఐ తీసినా 20 ఏళ్ళ వయసులోనే దాదాపు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనబడుతుంది, 80 ఏళ్ళకి 84 శాతం. కాబట్టి రిపోర్టు పట్టుకుని కాదు, కాలు ఎలా ఉందో చూసి నిర్ణయాలు తీసుకోండి.

ఎస్1 నరం కాబట్టి వారానికోసారి ఇది చూసుకోండి. గోడకి వేలి కొసలు ఆనించి, ఎడమ కాలి ఒక్కదాని మీద నిలబడి మడమ ఎత్తండి, పదిసార్లు. తర్వాత కుడి కాలితో. ఎడమ మడమ అంత ఎత్తు లేవకపోయినా, ఆరేడుకే ఆగిపోయినా బలం తగ్గుతున్నట్టే. మడమల మీద నడిచి కూడా చూడండి, అది పైనున్న ఎల్5 నరానికి పరీక్ష. పాదం ముందుభాగం లేవక నేలకు తగులుతుంటే డాక్టర్ని వెంటనే కలవాలి.

మూత్రం రాకపోవడం, వచ్చినట్టు తెలియకపోవడం, మలం ఆపుకోలేకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం... వీటిలో ఏది కనబడినా ఎమర్జెన్సీకి వెళ్ళండి. తెల్లారేదాకా కూడా ఆగొద్దు. వెన్ను చివరి నరాల గుత్తి నలిగితే ఆలస్యమైన ప్రతి గంటా నష్టమే, ఈ చర్చలోని వ్యాయామాలేవీ దానికి వర్తించవు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ ఉండటం లాంటివి ఉన్నా నొప్పికి డిస్కే కారణమని అనుకుని కూర్చోకూడదు.

ఫిజియోబల్ల:
కూర్చుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ అంటున్నారు కాబట్టి నడుము వెనక్కి వంచే వ్యాయామాలు పనిచేసే అవకాశం ఉంది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది.

గట్టి నేల మీద దుప్పటి పరుచుకుని బోర్లా పడుకోండి, రెండు మూడు నిమిషాలు. తర్వాత మోచేతుల మీద లేచి ఇంకో రెండు నిమిషాలు. కాలి నొప్పి కిందికి దిగకపోతేనే మూడో మెట్టు: అరచేతులు భుజాల కింద పెట్టి, చేతుల బలంతోనే ఛాతీ పైకెత్తండి. పొత్తికడుపు నేలకే ఉండాలి, పిర్రలు వదులుగా ఉండాలి. పైన ఒకటి రెండు సెకన్లు ఆగి దిగండి. పదిసార్లు చాలు, కానీ మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. పొద్దున ఒక్కసారి వంద చేసేసి రోజంతా కుర్చీలో కూర్చుంటే ఉపయోగం ఉండదు. అందరూ చేసే పొరపాటు నడుం కండరాలతో లేవడం. దాంతో నడుము పట్టేస్తుంది, "ఈ వ్యాయామం నాకు పడలేదు" అని మానేస్తారు.

ఫలితం ఎలా చూడాలంటే, నొప్పి ఎంత ఉంది అన్నదాని కంటే ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. పిక్కలోది తొడకి, తొడలోది పిర్రకి, అక్కణ్ణుంచి నడుముకి ఎక్కుతుంటే మంచిది, ఆ సమయంలో నడుము నొప్పి కాస్త పెరిగినా సరే. పాదం వైపు దిగుతుంటే, తిమ్మిరి పెరిగి తగ్గకపోతే ఆపేయండి. ఎటూ కదలకపోతే, పడుకున్నప్పుడు తుంటిని నొప్పి లేనివైపుకి, అంటే మీకు కుడివైపుకి, కొంచెం జరిపి అదే చేసి చూడండి. నిలబడినప్పుడు ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోతుంటే మాత్రం సొంతంగా వద్దు, ముందు ఆ ఒరుగుడు సరిచేసే ఫిజియో కావాలి.

ఇది చదివి పెద్దవాళ్ళకి చేయించకండి. నిలబడితే, నడిస్తే కాళ్ళు లాగి, ముందుకి వంగి కూర్చుంటే తగ్గేవారికి నరాల దారి ఇరుకైపోయి ఉండొచ్చు. వాళ్ళకి వెనక్కి వంగితే ఎక్కువవుతుంది.

తొడ వెనక కండరం బిగుసుకుందని కాలు చాపి లాగి పట్టుకునే స్ట్రెచ్ కూడా మానండి. అక్కడ బిగుతుగా తెలిసేది చాలాసార్లు నరమే. బదులుగా కుర్చీ అంచున కూర్చుని మోకాలు చాపుతూ తల పైకెత్తండి, మోకాలు మడుస్తూ గడ్డం దించండి. ఒక కొస వదులైతే ఇంకో కొస లాగుతుంది కాబట్టి నరం సాగకుండా జారుతుంది. ఎక్కడా ఆగకుండా పది పదిహేనుసార్లు.

నిదానం:
పైన చెప్పిన వ్యాయామం గంటకి పది నిమిషాలు కూడా కాదు. మిగతా సమయమంతా డిస్క్‌ని ఎలా వాడుతున్నారన్నదే అసలు విషయం. మీ ప్రశ్నలోనే జవాబుంది చూడండి: బల్ల మీద తగ్గిన నొప్పి బూట్ల దగ్గర తిరిగొచ్చింది. బూట్లు వేసుకోవాలంటే ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, వీపు నిటారుగా ఉంచి ఆ పాదానికి తొడుక్కోండి, తర్వాత కాళ్ళు మార్చండి. లేదా పొడుగు షూహార్న్, లేసుల్లేని బూట్లు.

రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో వంగడం, బరువులెత్తడం వద్దు. పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఒక చెయ్యి సింక్ అంచు మీద ఆనించండి. తుమ్ము వస్తుంటే చెయ్యి దేనికైనా ఆనించి నడుము నిటారుగా ఉంచండి, వంగి తుమ్మితే ఒక్కోసారి వారం వెనక్కి పోతుంది.

కుర్చీలో 20 నిమిషాలకోసారి లేవాలి, మీ విషయంలో పావుగంటకే నొప్పి కాబట్టి 10 నిమిషాలకే. నొప్పి వచ్చాక లేవడం కాదు, రాకముందే. ముంజేయి మందాన టవల్ చుట్టి నడుం గుంటలో పెట్టుకోండి, మోకాళ్ళ కంటే తుంటి కొంచెం ఎత్తులో ఉండాలి.

వంగడానికి కర్ర సాధన: వీపు పొడుగునా కర్ర పట్టుకోండి. తల వెనక, రెండు రెక్కల మధ్య, నడుం కింది ఎముక, ఈ మూడు చోట్లా తగులుతూనే ఉండాలి. అలాగే తుంటి వెనక్కి నెట్టి వంగండి. కర్ర ఒక చోట వదిలేసిందంటే నడుము వంగిందన్నమాట.

కాలి నొప్పి పైకెక్కడం మొదలయ్యాక కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పిన కోర్ (నడుము, పొట్ట చుట్టూ కండరాల) వ్యాయామాలు. చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. మోకాళ్ళు ఆనించి పక్కకి ప్లాంక్. ఒక్కోసారి 8 నుంచి 10 సెకన్లే, ఆరుసార్లు, ఆగి నాలుగు, ఆగి రెండు. అలసట వస్తే పెంచడం కాదు, తగ్గించడం. సిటప్స్, కాలి వేళ్ళు అందుకోవడం ప్రస్తుతానికి బంద్. నడక: నొప్పి రాకముందు ఆగే దూరంతో మొదలుపెట్టి రోజుకి మూడుసార్లు.

అయితే జీవితాంతం వంగకూడదని అనుకోకండి. కాలి నొప్పి తగ్గి కొన్ని వారాలైతే వంగడం మెల్లగా తిరిగి అలవాటు చేసుకోవాలి. భయంతో బిగదీసుకున్న నడుమూ నొప్పే.

కుర్చీవిరోధి:
చాలా థాంక్సండీ. బెల్టు, ప్రీగాబలిన్ (నరాల నొప్పి మందు) కూడా రాశారు. నడుములో ఇంజెక్షన్ గురించీ అంటున్నారు. ఉపయోగమేనా?

వెన్నుదన్ను:
బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే నడుము నొప్పికీ సయాటికాకీ (మీలా నరం నొక్కుకుని కాలు లాగడం) బెల్టు, ట్రాక్షన్, ఐఎఫ్‌టీ ఇవ్వొద్దంది. హాని పెద్దగా ఉండదు గానీ వ్యాయామం నేర్చుకోవాల్సిన సమయం వాటికే పోతుంది. మీ ఫిజియోని మర్యాదగానే అడగండి: "నేను ఇంట్లో చేయాల్సింది నేర్పండి" అని. నేర్పకపోతే మారండి.

సయాటికాకి ప్రీగాబలిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది, తల తిరగడం మాత్రం ఎక్కువ. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి తిన్నాక, తక్కువ రోజులు. అల్సర్, కిడ్నీ సమస్య, రక్తం పలచబడే మందులు ఉంటే అడగకుండా వద్దు.

నడుములో ఇచ్చే ఆ ఇంజెక్షన్, అంటే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్, డిస్క్‌ని కరిగించదు. నరం చుట్టూ వాపు తగ్గిస్తుంది, పనిచేసినవారికి కొన్ని వారాల ఉపశమనం. నొప్పి వల్ల బోర్లా పడుకోలేని, నడవలేని స్థితి ఉంటే ఆ వారాల్లో వ్యాయామం పట్టుకోవడానికి తీసుకోవచ్చు. తీసుకుని పడుకుంటే దండగ.

ఎప్పటిదాకా ఆగొచ్చన్నారు. 2007లో నెదర్లాండ్స్ అధ్యయనంలో తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవారూ, ఆగినవారూ ఏడాదికి ఇంచుమించు ఒకేలా కోలుకున్నారు. ఆగినవారిలో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ పడింది, అదీ చూడాలి. కానీ అది 6 నుంచి 12 వారాల సయాటికా మీద. 4 నుంచి 12 నెలలుగా బాధపడుతున్నవారి మీద 2020లో వచ్చిన అధ్యయనంలో ఆరు నెలలకి కాలి నొప్పి పదికి సగటున ఆపరేషన్ వాళ్ళలో 2.8, మిగతావాళ్ళలో 5.2. మీరు సరిగ్గా ఆ అంచున ఉన్నారు. ఇప్పటిదాకా జరిగింది ట్రాక్షనే కాబట్టి ఆరేడు వారాలు పైన చెప్పింది నికరంగా చెయ్యండి. ఆ తర్వాత కూడా పిక్క నొప్పి అంగుళం పైకెక్కకపోతే సర్జన్‌తో మళ్ళీ మాట్లాడటంలో తప్పులేదు. ఆపరేషన్ కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది, నడుము నొప్పికి అంత కాదు, ఆ లెక్క కూడా ముందే వేసుకోండి. మధ్యలో మడమ పరీక్షలో బలం తగ్గితే ఈ ఆరేడు వారాల గడువు లేనట్టే.