ఇల్లు ఆమె పేరున రాస్తే ఆ ఖర్చంతా మహిళా బడ్జెట్టేనా?

లెక్కల పంతులు:
2025–26 కేంద్ర బడ్జెట్లో మహిళలకు 4.49 లక్షల కోట్లు, మొత్తంలో 8.86 శాతం అని గొప్పగా చెప్పుకున్నారు గదా, ఆడవాళ్ళ కోసం ఏ పథకానికి ఎంత అని చూపే ఆ జెండర్ బడ్జెట్ పత్రం తీసి చూశాను. 2005–06 నుంచి ఏటా ఇస్తున్నదే. ‘ఎ’ భాగం అంటే నూటికి నూరూ ఆడవాళ్ళకే. ‘బి’లో 30 నుంచి 99 శాతం దాకా. అంతకు తక్కువవి ‘సి’లో, దాన్ని 2024–25లో చేర్చారు. ‘ఎ’లో పెద్ద పద్దు ఏదనుకున్నారు? పేదలకి ఇళ్ళు కట్టించే ప్రధానమంత్రి ఆవాస్ యోజన. ఆ ఇంట్లో మొగుడుండడా, మామగారుండడా? ఇటుకా సిమెంటూ అంతా ఆవిడ ఖాతాలో రాసేస్తే ఎలా?

గోదారి గట్టు కోడలు:
ఇంట్లో ఎవరు పడుకుంటారన్నది కాదండీ పంతులు గారూ, కాగితం ఎవరి దగ్గరుందన్నది లెక్క. 2020 డిసెంబర్లో ఆంధ్రాలో ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేర్నే ఇచ్చారు. మా పిన్ని దాన్ని పెళ్ళిచీర మడతలో పెట్టి, బీరువా తాళం బొడ్లో దోపుకుంది. బాబాయి పేకాట అప్పులకి తాకట్టు పెడదామని మూడు రోజులు అలిగి అన్నం మానేశాడు. “సంతకం నాది, నేను పెట్టను” అంది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ కాదనడం అదే మొదలు.

సిద్దిపేట పిలగాడు:
ఇల్లు సంగతి పక్కన పెట్టుండ్రి. మా అమ్మ కూరగాయలమ్మ పోతది. 2023 డిసెంబర్ 9 సంది తెలంగాణల ఆడోళ్ళకు బస్సు ఫ్రీ. కండక్టర్ జీరో టికెట్ కొడ్తడు, దాని లెక్క మీదనే సర్కారు ఆర్టీసీకి పైసలియ్యాలె. ఎంతమంది ఆడోళ్ళు ఎక్కిన్రో ఆడ్నే తెలుస్తది. గసొంటి లెక్క ఇంకోటి చూపియ్యుండ్రి.

ఉప్పల్ డిపో:
అవునన్నా, టికెట్ కొన్నోడు నిలబడి పోతున్న లెక్క మాత్రం ఎవ్వరూ రాస్తలేరు 🙂

టీచరమ్మ కూతురు:
బస్సులో సీటు గొడవ మళ్ళీ మొదలెట్టకండి, దానికి వేరే చర్చ నడుస్తోంది.
మా అమ్మది అంగన్వాడీ. ఆ ఖర్చూ ఆ పత్రంలోనే ఉంది. అందులో కేంద్రం ఆవిడకి ఖరారు చేసింది నెలకి 4,500, 2018 అక్టోబర్ నాటి మాట. పైన రాష్ట్రం కలుపుతుంది. జీతం కాదు, ‘గౌరవ వేతనం’. ఆ గౌరవం పెంచమని 2023 డిసెంబర్లో ఆంధ్రాలో సమ్మెకి కూర్చుంటే 42 రోజులు పట్టింది, మధ్యలో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. పిల్లల వివరాలు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించాలి, తల్లుల మొహం ఫొటో తీస్తేనే సరుకు ఇచ్చినట్టు. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు. బాలింతని వెంటబెట్టుకుని పక్కింటి డాబా ఎక్కుతుంది. ఆడవాళ్ళ కోసం రాసిన డబ్బుని చేరవేసేదీ ఆడమనిషే. ఆవిడ పనికి కట్టిన ధర ఏ భాగంలో వేస్తారు పంతులు గారూ?

లెక్కల పంతులు:
అమ్మా, దానికి నా దగ్గర జవాబు లేదు. అసలు అంగన్వాడీ సంగతి నాకు తట్టనే లేదు, ఒప్పుకుంటున్నా.
పట్టా విషయంలో కొంత తగ్గుతాను, పూర్తిగా కాదు. ఆవాస్ యోజన గ్రామీణ్ ఇల్లు ఆమె ఒక్కదాని పేరున ఇవ్వొచ్చు, భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వొచ్చు. పత్రంలో మాత్రం ఆ తేడా కనబడదు, అంతా నూరు శాతమే. ఒంటి పేరువెన్ని, జంట పేర్లవెన్ని అని ఒక గడి పెడితే సగం గొడవ తీరుతుంది. కోడలు గారూ, మీ పిన్ని గారిది ఏ రకం?

గోదారి గట్టు కోడలు:
ఒక్కదాని పేరేనండీ. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. జంట పేర్లయితే ఏమయ్యేది పిన్నీ అన్నాను. “మూడో రోజుకి నేనే అన్నం తినిపించి, సంతకం పెట్టేదాన్ని” అంది.