శ్రమకాలం 2027: శుక్రవారం ఉపవాస కూడికలు, మిషన్ కానుక, పనుల పంపకం

సమన్వయకర్త (డాలస్):
అందరికీ వందనాలు. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. కూడికలు ఆరు: ఫిబ్రవరి 12, 19, 26, మార్చి 5, 12, 19. ఒక్కో శుక్రవారం ఒక్కో సువార్త క్షేత్రం కోసం ప్రార్థన, మానేసిన పూట భోజనం ఖర్చు మిషన్ కానుక డబ్బాలోకి. మొదటి వారం దక్షిణాఫ్రికాలోని నాటాల్. ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల మధ్య పరిచర్యకు జాన్ రంగయ్య గారు 1903లో మన నెల్లూరు నుంచే వెళ్లారు. మిషనరీలు మన దగ్గరికి రావడమే కాదు, మనవాళ్లూ వెళ్లారని పిల్లలకు తెలియాలి.

వంటగది బాధ్యురాలు:
ఉపవాసం విడిచాక కిచిడీ, పెరుగు, అంతే. కూరలు, స్వీట్లు ఎవరూ తేవద్దు అక్కలూ. విందు పెడితే డబ్బాలో పడాల్సింది గిన్నెలోకి పోతుంది. అరవై మందికి బియ్యం 3 కిలోలు, పెసరపప్పు కిలోన్నర, నీళ్లు 20 లీటర్లు, 30 లీటర్ల గిన్నె. పప్పు దోరగా వేయించాలి. మంట తగ్గించి కలుపుతూ ఉండకపోతే అడుగంటుతుంది, ఆ మాడు వాసన ఇక పోదు. అరగంటలో గట్టిపడుతుంది కనుక 3 లీటర్ల వేడినీళ్లు పక్కన ఉంచండి. ఖాళీ కడుపు కదా, పచ్చిమిర్చి వద్దు, మిరియాలు చాలు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. వాళ్లు ఇంకేదైనా మానుకోవచ్చు.

కోశాధికారి:
డబ్బాలు ఈస్టర్ దాకా ఇళ్లలో ఉంటే సగం తిరిగిరావు. ప్రతి ఆదివారం తెచ్చి ఖాళీ చేయాలి. ఒకే కుటుంబం కాని ఇద్దరు అక్కడే లెక్కపెట్టి సంతకం చేయాలి. వండే ముందు దేవుని పనికి పిడికెడు బియ్యం తీసిపెట్టడం మిజోరంలోని మిజో సంఘాల్లో 1910 నుంచీ ఉంది, మన ఊళ్లలోనూ తెలుసు. ఇక్కడ మాత్రం విడి బియ్యం ఫుడ్ బ్యాంకు తీసుకోదు, అందుకే దాని విలువ డబ్బుగా వేయండి.

ఇండియాకు పంపేటప్పుడు పాస్టర్ గారి సొంత ఖాతాకు వేయొద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. మనది విదేశీ సంస్థ, కాబట్టి మన కానుక విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (ఇండియాలో విదేశీ విరాళాల చట్టం) నమోదు గడువు మిగిలి ఉండాలి, డబ్బు స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే చేరాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే పని చేసే సంస్థకే నేరుగా పంపాలి. నమోదు పత్రం జనవరిలోనే తెప్పించుకుందాం.

జూమ్ బాధ్యుడు:
మార్చి 14న ఇక్కడ గడియారం మారుతుంది. అప్పటిదాకా మన శుక్రవారం రాత్రి 7.30 అంటే ఇండియాలో శనివారం ఉదయం 7. మార్చి 19న మాత్రం 6 అవుతుంది. ఆ ఒక్క రోజు 8.30కి మొదలుపెడదాం. ఇబ్బందులున్న చోట పనిచేసేవాళ్ల పేరు, ఊరు, ఫోటో గ్రూపులో పెట్టొద్దు, రికార్డింగ్ ఆపేస్తాను. అత్యుత్సాహంతో చేసే ఒక్క ఫార్వర్డ్ వాళ్లను ప్రమాదంలో పడేస్తుంది.

ఆరాధన బాధ్యురాలు:
భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద కోసం పోయినేటి మట్టల ఆదివారం మట్టలు బాగా ఎండాక బయట ఇనుప డబ్బాలో కాల్చాలి, హాల్లో కాలిస్తే పొగ అలారం మోగుతుంది. సన్న జల్లెడ పట్టి ఆలివ్ నూనె రెండు మూడు చుక్కలు కలపండి. నీళ్లు వద్దు, బూడిదలో క్షారం తడిసి నుదురు మండుతుంది. బాప్టిస్టు కుటుంబాలకు ఈ అలవాటు లేదు, ఎవరినీ బలవంతపెట్టొద్దు.

సమన్వయకర్త:
సరే అక్కా. మార్చి 5కి వంటకు ఒకరు, గిన్నెలు కడగడానికి ఇద్దరు కావాలి. ఆదివారం లోపు ఇక్కడే రాయండి.