జెడ్‌డీఎఫ్ చీఫ్ ఎడిటర్ నియామకం: 2014 తీర్పు తర్వాత ఓట్ల లెక్క మారిందా?

జర్మనీ ప్రజా ప్రసార టీవీ సంస్థ జెడ్‌డీఎఫ్ మాజీ చీఫ్ ఎడిటర్ నికొలౌస్ బ్రెండర్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. జర్మన్ ప్రసార చట్టం తెలిసినవాళ్లు ఒక సందేహం తీర్చగలరా?

బ్రెండర్ లాటిన్ అమెరికా కరస్పాండెంట్‌గా, తర్వాత మరో జర్మన్ ప్రసార సంస్థ డబ్ల్యూడీఆర్‌లో పనిచేసి, 2000లో జెడ్‌డీఎఫ్ చీఫ్ ఎడిటర్ అయ్యారు. 2005 ఎన్నికల రాత్రి చర్చలో ఛాన్సలర్ ష్రోడర్ విరుచుకుపడ్డా తగ్గని మనిషి. 2009 నవంబరులో ఆయన కాంట్రాక్టు పొడిగించాలని సంస్థ అధిపతి మార్కుస్ షెఖ్టర్ ప్రతిపాదించారు. 14 మంది పాలకమండలిలో 7 అనుకూలం, 7 వ్యతిరేకం. ఐదింట మూడొంతుల లెక్కన కావాల్సినవి 9. పొడిగింపును వ్యతిరేకించిన పాలకమండలి సభ్యుడు, హెస్సే రాష్ట్ర ముఖ్యమంత్రి రోలాండ్ కోఖ్ వార్తల వీక్షకులు తగ్గారన్నారు. అది సాకేనని, అసలు గొడవ పార్టీల పట్టు గురించేనని నా అభిప్రాయం.

2014 మార్చి 25న రాజ్యాంగ న్యాయస్థానం జెడ్‌డీఎఫ్ మండళ్లలో ప్రభుత్వ, రాజకీయ ప్రతినిధులు మూడో వంతు దాటకూడదంది. పాలకమండలి 12కి తగ్గింది.

నా ప్రశ్న: చీఫ్ ఎడిటర్ నియామకానికి ఇప్పటికీ ఐదింట మూడొంతుల ఆమోదం కావాలా? అయితే 12లో 8 ఓట్లు అవుతాయి. గైర్హాజరైనవాళ్లనూ లెక్కలో కలుపుతారా? జెడ్‌డీఎఫ్‌ను నడిపే రాష్ట్రాల ఒప్పందంలోని సెక్షన్ నంబరు చెబితే చాలు, జర్మన్ పాఠం నేనే చదువుకుంటాను.