చెల్లె నెల తప్పింది, పాస్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలా?

మిర్యాలగూడ అక్క:
మా చిన్నమ్మ కూతురికి 21 ఏళ్లు. నల్గొండలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. మొన్న ఆదివారం టిఫిన్ డబ్బాలో పేపర్ చుట్టి కిట్ తెచ్చి నా చేతిలో పెట్టింది, రెండు గీతలు. ఆ అబ్బాయి ఫోన్ ఎత్తట్లేదు, చిన్నమ్మకు ఇంకా చెప్పలేదు. మా పాస్టరమ్మ గారికి ఒక్కరికే చెప్పాను. "ముందు నా దగ్గరికి తీసుకురా, ప్రార్థన చేసుకుని మాట్లాడదాం, డాక్టర్ సంగతి తర్వాత" అన్నారు. మనిషి మంచిదే. కానీ అక్కడికి పోతే ఇది తన మనసులో మాట చెప్పుకోగలదా, లేక వాళ్లు చెప్పినదానికి తల ఊపి వస్తుందా అని నా టెన్షన్.

దేవరకొండ ఏఎన్ఎం:
"డాక్టర్ తర్వాత" అన్న మాట ఒక్కటే నాకు నచ్చలేదమ్మా. ముందు స్కానింగ్. గర్భం ట్యూబులో నిలిచిందంటే ప్రాణం మీదికొస్తుంది, అది ప్రార్థన అయ్యేదాకా ఆగదు. వారాలు కూడా తెలియాలి. అబార్షన్ చేయించుకోవాలంటే 20 వారాల లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, 24 దాకా అయితే ఇద్దరు కావాలి. పెళ్లి కాని అమ్మాయిలకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 18 దాటింది కాబట్టి తన సంతకమే చాలు, అమ్మానాన్నల సంతకం అడగకూడదు. మెడికల్ షాపులో మాత్రలు కొని హాస్టల్ బాత్రూంలో మింగే పని మాత్రం చేయనివ్వకు, రక్తం ఆగక వచ్చినవాళ్లను చూశాను.

జడ్చర్ల స్త్రీల మైత్రి:
నేను మా చర్చి సంఘంలో ఇలాంటి పిల్లలతో కూర్చుంటాను. పాస్టరమ్మను ముందే అనుమానించకండి, ఇంట్లో కొట్టేవాళ్లే తప్ప వినేవాళ్లు లేని పిల్లకు ఆ గది చాలా పెద్ద ఆసరా. ఒకమ్మాయి గంటసేపు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, టీ చల్లారింది, నేనేమీ అడగలేదు. బిడ్డను ఉంచుకోవాలనే నా విశ్వాసం, దాచను, కానీ అడిగితేనే ఒక్కసారి చెప్తాను. రాళ్లు పట్టుకొచ్చినవాళ్లను ప్రభువు ఏమన్నాడో చదివి కూడా మనం రాయి ఎత్తితే ఎట్లా? "అబార్షన్ చేయించుకున్నా మళ్లీ నాతో మాట్లాడతారా" అని మీరే పాస్టరమ్మను ముందు అడగండి. నీళ్లు నమిలితే తీసుకెళ్లకండి.

నల్గొండ నివాసి:
కనాలనుకుంటే ఒక జాగ్రత్త. "మన సంఘంలో పిల్లల్లేని వాళ్లున్నారు, వాళ్లకు ఇచ్చేద్దాం" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. మంచి మనసుతోనే అంటారు, అయినా వద్దు. దేవరకొండ తండాల్లో పసిపిల్లలు చేతులు మారిన కథలు మన జిల్లాకు కొత్త కాదు. బిడ్డను బాలల సంక్షేమ సమితి ఎదుటే అప్పగించాలి, సంతకం పెట్టాక కూడా 60 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వాళ్లు దారి చూపిస్తారు.

మిర్యాలగూడ అక్క:
స్కానింగ్ అయింది, ఎనిమిది వారాలు, గర్భసంచిలోనే ఉంది. పాస్టరమ్మ గారిని ఆ ప్రశ్న అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కట్ అయిందేమో అనుకున్నా. తర్వాత "బాధపడతానమ్మా, కానీ తలుపు వేయను" అన్నారు. బుధవారం వెళ్తున్నాం. లోపలికి తను ఒక్కతే వెళ్తానంది, నేను బయట స్కూటీ దగ్గర ఉంటా.