ఇస్తాంబుల్‌లో పుట్టబోయే బాబుకి టర్కీ పేరు: కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబులు

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఇస్తాంబుల్ వచ్చాం, ఇంకా కుదురుకోలేదు. ఇక్కడ స్కానింగ్‌లో చెప్పేస్తారు కదా, బాబు అన్నారు. పుట్టేది ఈ ఊళ్ళోనే కాబట్టి ఒక టర్కీ పేరు పెట్టాలని మా ఇద్దరికీ ఆశ. నెట్‌లో వెతికితే ఎర్తుగ్రుల్, కాన్, కాయా, సవాష్, దెనిజ్ కనిపించాయి. ఊళ్ళో అమ్మావాళ్ళేమో నోరు తిరగదంటున్నారు. ఏది పెట్టమంటారు?

ఇస్తాంబుల్ నుంచి ఒక అన్న:
తమ్ముడూ, ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలు. తప్పకుండా పెట్టుకోండి, కానీ నెట్‌లో అర్థాల లిస్టు చూసి మాత్రం పెట్టకండి. లిస్టులో అర్థం ఒక్కటే ఉంటుంది, ఆ పేరు చెవిన పడగానే ఇక్కడివాళ్ళు ఆ ఇంటి గురించి ఏమనుకుంటారో ఉండదు. దెనిజ్‌నే తీసుకో. సముద్రం అని అర్థం, మగపిల్లలకీ ఆడపిల్లలకీ పెడతారు, చక్కటి పేరు. అయితే 1972లో ఉరితీసిన విద్యార్థి నాయకుడు దెనిజ్ గెజ్మిష్ మీద అభిమానంతో ఆ పేరు పెట్టుకున్న వామపక్ష కుటుంబాలు చాలానే ఉన్నాయి. దెవ్రిమ్ అంటే విప్లవం, అది ఇంకా సూటిగా చెప్పేస్తుంది. అల్ప్ అంటే వీరుడు, అర్స్‌లాన్ అంటే సింహం, రెండూ కలిపి అల్పర్స్‌లాన్, 1071లో మలాజ్‌గిర్త్ యుద్ధం గెలిచిన సెల్జుక్ అనే తుర్కు వంశపు సుల్తాన్ పేరు, జాతీయవాదులకి చాలా ఇష్టం. ఒమెర్, యూసుఫ్, ఎయ్మెన్ అంటే మతనిష్ఠ ఉన్న ఇల్లనుకుంటారు. ఇవేవీ తప్పు పేర్లు కావు, పిల్లాడు స్కూల్‌కి వెళ్ళాక ఎవరో అడిగితే తప్ప మనకి ఆ సంగతి తెలియని పరిస్థితి రాకూడదు, అంతే నా బాధ.

ఇక పలకడం. ఇక్కడి రాతలో సి అక్షరాన్ని జ అని చదవాలి. నువ్వు కాన్ అని రాసింది నిజానికి జాన్, ప్రాణం అని అర్థం. కూరగాయల కొట్టులో ఆవిడ కూడా మీ ఆవిడని 'జానిమ్' అంటుంది చూడు, నా ప్రాణమా అని, అదే మాట. నాకు ఎంతో ఇష్టమైన పేరు కానీ మన దేశంలో ఆ స్పెల్లింగ్ చూసి కాన్ అనో క్యాన్ అనో చదువుతారు, జె పెట్టి రాస్తే ఇంకేదో జాన్ అనుకుంటారు. జి మీద చిన్న గిన్నెలాంటి గుర్తుంటే దాన్ని పలకరు, ముందున్న అచ్చుని సాగదీస్తారు. అందుకని ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని స్థాపించిన ఉస్మాన్ గాజీ తండ్రి పేరు ఇక్కడి నోట ఎర్తూరుల్, మనవాళ్ళు అక్షరాలు పట్టుకుని ఎర్తుగ్రుల్ చేశారు. కాయా అంటే బండరాయి, గట్టి పేరే, కానీ మన ఇంట్లో అది కాయ అయిపోతుంది. సవాష్ అంటే యుద్ధం, వద్దు. బరుష్ అంటే శాంతి, అది హాయిగా పెట్టుకోవచ్చు.

నన్నడిగితే ఎరెన్ (సిద్ధిపొందినవాడు), ఉముత్ (ఆశ), దోరుక్ (శిఖరం), అరాస్ (తూర్పున పారే నది), చినార్. చినార్ అంటే కాశ్మీర్‌లో మనం చూసే ఆ పెద్ద చెట్టే, పాత మసీదుల ముంగిట్లో ఇక్కడా ఉంటుంది, ఈమధ్య పిల్లలకి బాగా పెడుతున్నారు. రెండు సిలబుల్స్ లోపు, కష్టమైన అక్షరం లేకుండా ఉన్నవే ఏరాను, అమ్మమ్మ ఫోన్‌లో పిలవగలగాలి కదా.

అంకారా నుంచి ఒక అక్క:
అన్న చెప్పింది కరెక్ట్. లిస్టుల్లో పాత పేర్లు కూడా కలిపేస్తారు, అవి చూసుకోండి. దుర్సున్ అంటే 'నిలవాలి', యషార్ అంటే 'బతుకుతాడు', సతుల్‌ముష్ అంటే 'అమ్ముడైనవాడు'. ముందు పిల్లలు దక్కని ఇళ్ళల్లో పెట్టినవి. మన శ్రీకాకుళం వైపు తవుడికి అమ్మి తిరిగి తెచ్చుకుని తవుడు, తవిటయ్య అని పెట్టినట్టే. ఆ తల్లుల భయం ఎక్కడైనా ఒకటే, నాకు ఆ పేర్లంటే గౌరవం. కానీ ఇప్పుడవి తాతల వయసు పేర్లు.

మా పక్క ఫ్లాట్‌లో బాబు పుట్టినప్పుడు పిలిచారు. తాతగారు బిడ్డని ఎత్తుకుని కుడి చెవిలో మెల్లగా ఎజాన్ (మనం అజాన్ అంటాం కదా, అదే) చదివి, తర్వాత పేరు మూడుసార్లు చెప్పారు. చూడ్డానికొచ్చినవాళ్ళకి లవంగం, దాల్చినచెక్క వేసిన ఎర్రటి షర్బత్ ఇచ్చారు, దాన్ని లోహుసా షెర్బెతి అంటారు, బాలింత షర్బత్ అన్నమాట. అందరూ ఎర్ర రిబ్బన్ కట్టిన పావు బంగారు నాణెం బిడ్డ బట్టకి గుచ్చారు. మీ బారసాలకి కూడా పక్కింటివాళ్ళని పిలవండి, చాలా సంతోషిస్తారు.

ఇక్కడ ఇంటిపేర్లు 1934 చట్టంతో వచ్చాయి, మర్యాదగా పిలవాలన్నా ఈనాటికీ సొంత పేరు పక్కనే 'బెయ్' చేరుస్తారు, మన గారు లాగా. కాబట్టి బాబుని అందరూ పిలిచేది మీరు పెట్టిన పేరుతోనే. మీ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఏ గడిలో ఉందో చూసుకుని, ఆస్పత్రి కాగితంలో స్పెల్లింగ్ అచ్చం అలాగే రాయించండి. ఇక్కడ పుట్టినంత మాత్రాన టర్కీ పౌరసత్వం రాదు, ఏడాది లోపు భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, పేరు తేలలేదని దాన్ని మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగినతను:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఎరెన్ నచ్చింది. ఆఫీసులో ఒకతని పేరు అనిల్ అని ఉంది, మనవాడనుకున్నా, కానీ టర్కీ అతనే! అది కూడా ఇక్కడి పేరేనా?

ఇస్తాంబుల్ అన్న:
అవును తమ్ముడూ, వాళ్ళు అందులో ఐ మీద చుక్క లేకుండా రాస్తారు, గొంతులో కాస్త లోపలికి పలుకుతారు. 'నిన్ను అందరూ తలుచుకోవాలి' అని అర్థం. మన అనిల్ గాలి. రెండు దేశాల్లోనూ ఎవరూ స్పెల్లింగ్ అడగరు, మీ అమ్మగారికి నేర్పాల్సిన పనీ లేదు. ఎరెన్, అనిల్ రెండూ ఇంట్లో నాలుగు రోజులు పిలిచి చూడండి.