నైట్రోజన్ మెంబ్రేన్‌లో లీకును ముందే పట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో యుటిలిటీ (ప్లాంటుకు కావాల్సిన గాలి, నైట్రోజన్ లాంటి సరఫరాలు) చూస్తాను. గాలి నుంచి నైట్రోజన్ తీసే మెంబ్రేన్ యూనిట్ ఉంది, ఆరు మాడ్యూళ్లు. ఒక్కోదాంట్లో వెంట్రుకల్లాంటి బోలు గొట్టాలు వేలల్లో ఉంటాయి. ఆక్సిజన్ వాటి గోడల్లోంచి త్వరగా బయటికి పోతుంది, నైట్రోజన్ చివరిదాకా వస్తుంది.

నెల కిందట ప్రోడక్ట్ నైట్రోజన్‌లో ఆక్సిజన్ 1 శాతం, ఇప్పుడు 1.6. ఫ్లో, ప్రెషర్, హీటర్ ఏవీ మార్చలేదు. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాశాను, ఒక్క బుడగ రాలేదు. లోపల తెగిన గొట్టాన్ని సబ్బేం చూపిస్తుంది లెండి!

గొట్టం తెగితే వేరుపడని గ్యాస్ నేరుగా వెంట్‌లోకి (ఆక్సిజన్ బయటికి పోయే పైపులోకి) పోతుంది కాబట్టి వెంట్ ఫ్లో పెరిగి, అందులో ఆక్సిజన్ శాతం పడిపోవాలి. గొట్టాల గోడలకు కంప్రెసర్ ఆయిల్ పట్టి ఉంటే వెంట్ ఫ్లో తగ్గాలి. నా లెక్క సరైనదేనా? చిక్కేమిటంటే, మాకు ఆరు వెంట్లూ ఒకే హెడర్‌లో (ఉమ్మడి పైపులో) కలుస్తాయి, ఏ మాడ్యూల్‌దో తెలియదు. ఒక్కో మాడ్యూల్ వాల్వు కట్టేసి చూద్దామంటే పగలు ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోరు, నైట్ షిఫ్ట్‌లో గంట దొరికితే గొప్ప.

విడివిడిగా శాంపిల్ పాయింట్లు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అలారం మోగకముందే తెలియాలంటే రోజూ ఏ రీడింగులు రాసుకోవాలి?