మావయ్యను స్నూకర్ చూడటానికి క్రూసిబుల్‌కి తీసుకెళ్లాలి: ఫైనలా, మొదటి వారమా?

నల్లబంతి, రాయగడ:

అందరికీ నమస్కారం. మాది రాయగడ, మోటార్ వైండింగ్ షాపు నాది. ఇంట్లో తెలుగు, షాపులో ఒడియా. ఇంగ్లండ్ వెళ్లొచ్చినవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా మావయ్యకి 66 ఏళ్లు. నాకు స్నూకర్‌లో క్యూ (బంతిని కొట్టే కర్ర) పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా క్లబ్బులో ఒకే ఒక్క టేబుల్ ఉండేది. కుడి మూల పాకెట్ దగ్గర బట్ట చిరిగితే సైకిల్ ట్యూబుకి వేసే సొల్యూషన్‌తో అతికించారు. ఆ అతుకు మీదుగా మెల్లగా వెళ్లిన బంతి ఎప్పుడూ ఎడమకే తిరిగేది. మావయ్య ఆ తిరుగుడు లెక్కలో పెట్టుకునే కొట్టేవాడు. బయట ఎక్కడైనా మంచి టేబుల్ మీద ఆడితే మాత్రం ఓడిపోయి వచ్చేవాడు.

2017 సెప్టెంబర్‌లో ఇండియన్ ఓపెన్ విశాఖపట్నంలో పెట్టారు కదా, దానికి ఇద్దరం రైల్లో వెళ్లాం. ఫైనల్లో జాన్ హిగిన్స్ 5-1తో ఆంథోనీ మెక్‌గిల్‌ని కొట్టేశాడు. తిరుగు ప్రయాణంలో పార్వతీపురం దాటేదాకా మావయ్య నోరు విప్పలేదు. తర్వాత అన్నాడు: "ఒరే, మనం ఇన్నాళ్లూ ఆడింది వేరే ఆటరా."

అప్పటి నుంచి ఆయనకి ఒకటే కోరిక, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, క్రూసిబుల్ థియేటర్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ చూడాలని. అక్కడ రాత్రి 7 గంటల సెషన్ (ఒక పూట ఆట) మనకి 11:30కి మొదలవుతుంది. రెండు ఫ్రేమ్‌లు (మ్యాచ్‌లో ఒక్కో ఆటని ఫ్రేమ్ అంటారు) చూసేసరికి కుర్చీలోనే నిద్రపోతాడు. పొద్దున్న లేచి "ఎవరు గెలిచారు?" అని నాకు ఫోన్. సాయంత్రం ఏడింటి ఆట ఒక్కసారైనా సాయంత్రం ఏడింటికి చూడాలట.

డబ్బు ఒక్క ట్రిప్పుకే కూడబెట్టాను. ఫైనల్‌కి తీసుకెళ్లనా, మొదటి వారమా? ఆయనకి మోకాళ్ల నొప్పులు. చుట్ట మానేసి నాలుగేళ్లయినా దగ్గు మానలేదు. తన అభిమాన ఆటగాడు రానీ ఓసలివన్‌ని చూపించగలిగితే జన్మ ధన్యం అంటున్నాడు. అది మన చేతుల్లో ఉందా?

పర్లాకిమిడి_పెద్దక్క, లీడ్స్:

తమ్ముడూ, నేను మూడుసార్లు వెళ్లాను, మా ఆయన పిచ్చి వల్ల. ముందు ఆ రానీ సంగతి. వచ్చే ఏడాది టిక్కెట్లు ఈ ఏడాది టోర్నమెంట్ అవుతుండగానే అమ్మకానికి పెడతారు. ఎవరి మ్యాచ్ ఏ రోజో అప్పటికి ఎవరికీ తెలియదు. క్వాలిఫయర్లు అయ్యాక, టోర్నమెంట్‌కి రెండు మూడు రోజుల ముందు గానీ డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో తేల్చేది) తియ్యరు. ఏడాది ముందే చెప్పగలిగేది ఒక్కరి గురించే: పోయినేడు గెలిచిన మనిషి. మొదటి శనివారం పొద్దున్న 10కి ఆట మొదలుపెట్టేది ఆయనే. రానీ మీద ఆశ పెట్టుకుని టిక్కెట్ కొంటే లాటరీ కొన్నట్టే.

రెండోది, ఇది చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. మొదటి రౌండ్ బెస్ట్ ఆఫ్ 19, అంటే ముందు పది ఫ్రేమ్‌లు గెలిచినవాడిదే మ్యాచ్. ఒక సెషన్లో తొమ్మిది ఫ్రేమ్‌లు ఆడి ఆపేస్తారు, మిగతాది ఇంకో సెషన్లో. ఒక్క టిక్కెట్టే కొంటే 5-4 దగ్గర లేచి బయటికి రావాలి. మొదటిసారి మాకు అదే అయింది. ఎవరు గెలిచారో బస్సులో ఫోన్లో చూసుకున్నాం, కడుపు మండిపోయింది. ఆ తొలి శనివారం పొద్దున్న మ్యాచ్ ఈమధ్య అదే రాత్రి ముగుస్తోంది. కాబట్టి పొద్దున్నకీ రాత్రికీ కలిపి కొను.

ఫైనల్ అయితే బెస్ట్ ఆఫ్ 35, ఆది, సోమవారాల్లో నాలుగు సెషన్లు. నాలుగింటికీ నాలుగు టిక్కెట్లు, ఇద్దరికి ఎనిమిది. చివరి సెషన్ టిక్కెట్ దొరకడమే గగనం. పైగా ఒకడు ముందే దూసుకుపోతే నాలుగో సెషన్ చప్పగా పోతుంది.

సీటు చూసుకుని కొను. సెమీఫైనల్స్ వచ్చేదాకా హాల్లో రెండు టేబుళ్లు, మధ్యలో అడ్డుగోడ. నీ సీటుకి ఏ టేబుల్ కనిపిస్తుందో బుకింగ్‌లోనే రాసి ఉంటుంది. అవతల చప్పట్లు మోగుతుంటాయి, ఎందుకో నీకు కనిపించదు. చిన్న హాలే, వెయ్యికి కాస్త తక్కువ సీట్లు. మూడు వైపులా జనం, కింద టేబుల్. ఆటగాడు సుద్ద రాసుకునే చప్పుడు కూడా వినపడుతుంది. మెట్లు మాత్రం నిటారు. మోకాళ్ల సంగతి థియేటర్‌వాళ్లకి ముందే చెప్పు, మెట్లు తక్కువున్న సీటు ఇప్పించుకో.

జయపురం గురుడు:

అంత దూరం దేనికి బ్రదర్? సౌదీ మాస్టర్స్ అని ఒక టోర్నమెంట్ 2024లో మొదలెట్టారు, ఆ ఏడు జడ్ ట్రంప్ కొట్టాడు, 2025లో జెడ్డాలో పెట్టారు. పెద్ద ఆటగాళ్లంతా వచ్చారు, ప్రయాణం సగం. కాదు, ఇంగ్లండే కావాలంటే జనవరిలో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మాస్టర్స్ చూడు. ర్యాంకింగ్‌లో టాప్ 16 మందే. ఒకటే టేబుల్, ఫైనల్ తప్ప అన్నీ బెస్ట్ ఆఫ్ 11. కూర్చున్న సెషన్లోనే మ్యాచ్ తేలిపోతుంది.

నల్లబంతి, రాయగడ:

గురుడు గారూ, జెడ్డా మాట మావయ్య దగ్గర ఎత్తాను. "స్నూకర్ పుట్టింది మన జబల్పూర్‌లో, 1875లో. పుట్టినచోటు రైలు దూరంలో ఉంది. పెద్ద ఆట 1977 నుంచి షెఫీల్డ్‌లోనే. మధ్యలో జెడ్డా ఎందుకురా?" అన్నాడు. లండన్ మాస్టర్స్ నాకు నచ్చింది గానీ జనవరి చలికి ఆయన దగ్గు ఊరుకోదు.

అక్కా, 5-4 విషయం చెప్పి బతికించారు. వీసా గురించి ఎవరైనా చెప్పరూ? 2022లో మా బావమరిదికి ఒక ఏజెంట్ అకౌంట్లో నాలుగు లక్షలు వేయించి అప్లై చేయించాడు. వారంలో తీసేద్దామన్నాడు. రిజెక్ట్ అయింది, ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ వీసా అంటే టెన్షన్.

గుణుపురం_మేస్టారు:

బాబూ, మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను కాబట్టి చెబుతున్నా. స్టాండర్డ్ విజిటర్ వీసా ఆరు నెలలది. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, మామూలుగా మూడు వారాల్లో తేలుతుంది. వీసా సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. అప్లై చేసే ముందు ఒక్కసారిగా వచ్చిపడిన డబ్బుని వాళ్లు మొదట పట్టుకుంటారు. మీ బావమరిది కొంప ముంచింది అదే అయుంటుంది. నీ షాపు ఆదాయం నెలనెలా అకౌంట్లో కనిపించాలి, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు జతచెయ్యి. నీ అకౌంట్లో అలా పెద్ద మొత్తం ఉండి, అది నిజంగా పొలం అమ్మితే వచ్చిందైతే ఆ కాగితం పెట్టు, దాచకు.

మన జిల్లాలవాళ్లకి ఇంకో చిక్కు. పట్టా, షాపు లైసెన్సు, అన్నీ ఒడియాలో ఉంటాయి. ఇంగ్లిష్‌లోకి సర్టిఫైడ్ తర్జుమా కావాలి. తర్జుమా చేసినవాళ్ల పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి. నా పట్టాలో నా ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. ఒడియా గుమస్తా తెలుగు పేరు విని ఎలా రాస్తాడో తెలుసుగా! అఫిడవిట్ పెట్టాల్సి వచ్చింది. నీవీ, మీ మావయ్యవీ ఇవాళే తీసి చూడు.

పర్లాకిమిడి_పెద్దక్క, లీడ్స్:

ఇంకొన్ని. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా మాంచెస్టర్‌లో దిగండి, లండన్ వద్దు. ఎయిర్‌పోర్టు నుంచి షెఫీల్డ్‌కి రైల్లో వెళ్లిపోవచ్చు. ఆ పదిహేడు రోజులూ షెఫీల్డ్‌లో గదుల ధరలు మండిపోతాయి, ముందే పట్టుకోండి. పక్కనున్న చెస్టర్‌ఫీల్డ్‌లో ఉండి రోజూ రైల్లో రావచ్చు గానీ, రాత్రి సెషన్ సాగితే ఆఖరి రైలు పోతుంది. కామెంటరీ వినే ఇయర్‌పీసు హాల్ దగ్గర అమ్ముతారు. ఏప్రిల్‌లోనూ స్వెట్టర్ కావాలి. ఫ్రేమ్ మధ్యలో లేవనివ్వరు. దగ్గు బిళ్లలు జేబులో ఉంచండి, కాగితాలు మాత్రం బయటే విప్పేసుకోండి. ఆ చప్పుడుకి హాలంతా తిరిగి చూస్తుంది.

తొలి శనివారం చప్పగా ఉంటుందని భయపడకు. 2024లో అంతకుముందు ఏడు గెలిచిన బ్రెసెల్ 9-6 మీద ఉండి గిల్బర్ట్ చేతిలో 9-10తో పోయాడు. 2025లో 2024 విజేత కైరెన్ విల్సన్ లే పెయ్‌ఫాన్ చేతిలో అదే 9-10.

నల్లబంతి, రాయగడ:

తేలిపోయింది అక్కా. తొలి శనివారం పొద్దున్న, రాత్రి, ఆదివారం ఒక సెషన్. మేస్టారూ, మీరన్నట్టే అయింది, మావయ్య పట్టాలో ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్తున్నాం.

దగ్గు సంగతి చెప్పానో లేదో, నిన్న రాత్రి టీవీలో పాత మ్యాచ్ పెట్టుకుని బిళ్ల బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు ఫ్రేమ్‌లు దగ్గలేదు. ఐదో ఫ్రేమ్‌లో నల్లబంతి మీద ఉండగా ఆగలేక వంటింట్లోకి పరిగెత్తాడు. "ఇంకా పదకొండు నెలలుందిరా, చూద్దాం" అంటున్నాడు.